స్కాన్ నాలుగు

జూన్ 3, మంగళవారం

ఫైలు ఎక్కించే పేజీ ఈరోజు పూర్తయింది. దేవీప్రసాద్ గారు మొత్తం నా చేతికే వదిలేసిన మొదటి పని ఇది. ఇంటర్న్‌షిప్‌కి వచ్చి పద్నాలుగు రోజులే అయింది కాబట్టి కొంచెం గర్వపడితే తప్పు లేదనుకుంటాను.

సైటు పోర్టులో క్రేన్లకి మనుషుల్ని పెట్టే ఏజెన్సీది. వాళ్ల పనివాళ్ల మెడికల్ సర్టిఫికెట్ స్కాన్ చేసి ఇందులో పెట్టాలి. ఏజెన్సీ మేడమ్ తెరిచి చూసి ఒప్పుకుంటే గేట్ పాస్ వస్తుంది. పాస్ లేని మనిషిని గేటు దగ్గరే ఆపేస్తారు.

ఫైలు రాగానే సర్వర్ దాన్ని తిన్నగా లోపలికి తీసుకోదు. ముందు ఒక తాత్కాలిక ఫోల్డర్లో ఉంచుతుంది. దానికి నేను మనసులో విడిది అని పేరు పెట్టుకున్నాను, మగపెళ్లివారు దిగే ఇల్లులాగా. అక్కడ అన్నీ చూస్తాను. రెండు ఎంబీ దాటిందా, నిజంగా పీడీఎఫేనా, లేక పీడీఎఫ్ అని పేరు తగిలించుకున్న ఇంకేదైనానా. సరిపోతేనే అసలు ఫోల్డర్లోకి పంపిస్తాను.

ఒక్క విషయంలో మాత్రం పాఠంలో చెప్పినట్టు చెయ్యలేదు. వచ్చిన ఫైలుకి మనమే కొత్త పేరు పెట్టాలట. అంకెలూ అక్షరాలూ కలిపి ముప్పై రెండు. చూడ్డానికే బాగాలేదు. ఎవరి ఫైలుకి వాళ్లు పెట్టుకున్న పేరు తీసెయ్యడానికి మనమెవరం? ప్రమాదం తెచ్చే గుర్తులు మాత్రం ఏరేసి, మిగతా పేరు ఉన్నదున్నట్టు ఉంచాను.

పరీక్షకి ఇరవై ఫైళ్లు తయారుచేశాను. తెమ్మెర, నెమరు, ఏటవాలు, పొలిమేర, దోసిలి. ఒక్కో పేరూ టైపు చేస్తుంటే నోరు తియ్యగా అయింది. ఇరవైకి ఇరవై చేరాయి. దేవీప్రసాద్ గారు నా వెనక నిలబడి చూశారు.

"ఏమ్మా జ్యోతీ, పరీక్ష చేస్తున్నావా, కవిత్వం రాస్తున్నావా?"

ఓకే మాత్రం చేసేశారు.

జూన్ 5

ఈరోజు దొరికిన మాట: నిలకడ. మల్కాపురంలో గాలి లేదు.

జూన్ 9, సోమవారం

మెడికల్ క్యాంప్ మొదలైంది. సోమ, మంగళ, గురు, శుక్ర. బుధవారం డాక్టరు గారు రారు. క్యాంప్ మన వీధి చివరి క్లినిక్‌లోనే. పరీక్ష అయ్యాక కాగితం మనిషి చేతికివ్వరు, నలిపేస్తారని. పక్కనే ఉన్న కుసుమకుమారి అక్క నెట్ సెంటర్‌కి క్లినిక్ వాళ్లే పంపిస్తారు. అక్క స్కాన్ చేసి, మనిషి ఫోన్‌కొచ్చిన ఓటీపీ అడిగి, సైట్లో పెట్టేసి, కాగితాన్ని మళ్లీ క్లినిక్ కట్టలోకి పంపేస్తుంది. మనిషి చెప్పాల్సింది ఆరంకెలు, అంతే.

పోలిరాజు మావయ్య ఈరోజే వెళ్లొచ్చాడు. ఇరవై ఏళ్లుగా క్రేన్ నడుపుతున్న మనిషి, ఓటీపీ చెప్పడానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు.

"నాలుగోవోణ్ణి నానే," అన్నాడు వస్తూనే. "కుసుమకి సెప్పీసేను. ఈ సైటు మా కోడలు పిల్ల కట్టినాది, జాగర్తగా నొక్కు అన్నాను."

"దానికి ఆ పిల్లేటన్నాది?" అంది తాయారత్త.

"ఎవులు కట్టినా నొక్కీది నానే కదా, పక్కకి జరుగు అన్నాది."

అత్త నవ్వీ నవ్వీ కుర్చీలో కూలబడింది. నేను సబ్బవరం నుంచి వచ్చి వీళ్లింట్లో ఉంటున్నందుకు మొదటిసారి ఏదో ఇచ్చినట్టనిపించింది.

జూన్ 11, బుధవారం

మధ్యాహ్నం అత్త ఆఫీసుకి ఫోన్ చేసింది. మావయ్యకి పాస్ ఇవ్వలేదట. ఏజెన్సీలో రోజారమణి మేడమ్ చెప్పిందట, సైట్లో మీది అన్‌ఫిట్ అని ఉంది, చూపు సరిగా లేదు అని. క్రేన్ ఎక్కనివ్వరు. యార్డులో హెల్పర్‌గా ఉంటానని సోమవారంలోగా సంతకం పెడితే పెట్టినట్టు, లేకపోతే పేరే తీసేస్తారు.

వెంటనే సైట్లో మావయ్య పేరు మీద నొక్కి ఫైలు తెరిచాను. కింద ముద్ర ఎర్రగా, కొంచెం వంకరగా ఉంది. అన్‌ఫిట్. అంతకంటే చూడాల్సిందేముంది? మూసేశాను.

నా పేజీ మొత్తం మళ్లీ చదివాను. ఎక్కడా తప్పు లేదు.

సాయంత్రం మావయ్య గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

"పరీక్షప్పుడు డాక్టరు గారు ఏమన్నారు మావయ్యా?"

"ఏటీ అన్నేదు. అక్షరాలు కనపడతన్నాయా అన్నాడు, కనపడతన్నాయి అన్నాను. తరవాతోడు రండి అన్నాడు."

"రేపు ఒస్తాడు కదా, ఎల్లి అడుగు," అంది అత్త.

"ఏటడగమంటావు? కంప్యూటర్లోకి ఎక్కీసినాది."

"కంప్యూటర్ సెప్తే అయిపోయినట్టేనేటి?"

"మన జ్యోతి కట్టినాది తాయారూ. దాంట్లో తప్పేటుంటాది?"

అత్త నా వైపు చూసింది. నేను పుస్తకం వైపు చూశాను.

జూన్ 12, గురువారం

మావయ్య బస్టాపు దగ్గర కళ్లజోడు కొనుక్కుని వచ్చాడు. బండి మీద అమ్మేవాడి దగ్గర మూడు పెట్టి చూసి, నాలుగోది తెచ్చుకున్నాడు.

"నిజమేనే గుంటా. ఇప్పుడు సూత్తే మసగ్గానే ఉన్నాది. ఇన్నాళ్లూ నానే కనిపెట్టనేదు."

"జోడు తీసి చూడు మావయ్యా. ఆ పొగగొట్టాలు ఎన్ని కనబడుతున్నాయి?"

మేడ మీద నుంచి రిఫైనరీ వైపు చూశాడు.

"మూడు."

"ఇదివరకు?"

"ఇదివరకూ మూడే. కానీ ఇప్పుడు నమ్మకం నేదు."

మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకున్నాడు. అవి ఆయన కట్టిన మెట్లు.

జూన్ 13, శుక్రవారం

ఏమీ అర్థం కావడం లేదు.

మావయ్య ఫైలు మళ్లీ తెరిచాను. ఎందుకు తెరిచానో తెలియదు. ముద్ర పచ్చగా ఉంది. ఫిట్.

మూసి తెరిచాను. పచ్చ. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాను. పచ్చ. నా ఫోన్లో తెరిచాను. పచ్చ.

బుధవారం నేను చూసింది ఎరుపే. రోజారమణి మేడమ్ చూసింది కూడా ఎరుపే. కాగితం మీద ముద్ర రెండు రోజుల్లో రంగు మార్చుకోదు. అలాగైతే నేను చూసిందే తప్పయి ఉండాలి.

దేవీప్రసాద్ గారిని అడిగాను.

"క్యాష్ అయ్యుంటుందమ్మా. బ్రౌజర్ పాత కాపీ దాచుకుని అదే చూపిస్తూ ఉంటుంది. గాభరా పడకు."

"పాతది ఏదండీ? ఎరుపా, పచ్చా?"

ఆయనకి ఫోన్ వచ్చింది. మాట్లాడుతూ బయటికి వెళ్లిపోయారు.

ఇంట్లో చెప్పలేదు. చెబితే మావయ్య ఆశపడతాడు. రేపు తెరిస్తే మళ్లీ ఎర్రగా ఉందనుకో, అప్పుడేం చెప్పను? బహుశా బుధవారం నేను వేరే మనిషి ఫైలు తెరిచానేమో. కాదు, మావయ్య పేరు మీదే నొక్కాను. నొక్కాననే అనుకుంటున్నాను.

జూన్ 14

మూడుసార్లు తెరిచాను. పచ్చ, పచ్చ, పచ్చ. ఎవరికీ చెప్పలేదు.

జూన్ 15, ఆదివారం

రేపు సంతకం. మావయ్య చొక్కా ఇస్త్రీ చేయమనలేదు.

ఉండబట్టలేక కుసుమక్క దగ్గరికి వెళ్లాను. ఆదివారం కదా, ఎవరూ లేరు. నిమ్మకాయ సోడా తాగుతూ స్కానర్ అద్దం తుడుస్తోంది.

"అక్కా, సోమవారం నువ్వు స్కాన్ చేసిన మావయ్య కాగితం నీ కంప్యూటర్లో ఉంటుందా?"

"ఎందుకుంటాదమ్మా? షట్టరు దించీ ముందు అన్నీ సెరిపీస్తాను. జనాల ఆధార్లు, ఆడపిల్లల సర్టిఫికెట్లు, ఎవులెవులి ఫొటోలో. మనల్ని నమ్మి ఇత్తారు. ఒక్క కాయితం కూడా నా మిషన్లో మిగలకూడదు."

"మర్నాడు స్కాన్ చేస్తే ఏ పేరు వస్తుంది?"

"నాను పేరెట్టను. అదే ఏస్కుంటాది. స్కాన్ ఒకటి, స్కాన్ రెండు."

"మర్నాడు మళ్లీ ఒకటి నుంచా?"

"కాళీ అయిపోద్ది కదా. మళ్లీ ఒకటి నుంచే."

"రోజూనా?"

"రోజూనే. ఏటే, ఎన్నిసార్లు అడుగుతావు? మీ సైటుకి అలాగ పనికిరాదేటి?"

పనికొస్తుందక్కా అన్నాను. ఎందుకన్నానో.

మావయ్య సోమవారం నాలుగోవాడు. మంగళవారం కూడా ఒక నాలుగోవాడు ఉంటాడు. గురువారం ఒకడు, శుక్రవారం ఒకడు. అందరి కాగితాల పేరూ స్కాన్ నాలుగే. నా ఫోల్డర్లో ఒక పేరుతో ఒక ఫైలే ఉండగలదు. రెండోది వస్తే మొదటిదాని మీద కూర్చుంటుంది. మొదటిది పోయినట్టు ఎవరికీ చెప్పదు. చెప్పమని నేను రాయలేదు.

విడిదిలో అన్నీ చూశాను. లోపల ఈ పేరుతో ఇంతకుముందే ఎవరైనా ఉన్నారా అని మాత్రం చూడలేదు. నేను పరీక్షకి పెట్టిన ఇరవై పేర్లలో ఏ రెండూ ఒకటి కావు. ఎలా అవుతాయి? ఏరి ఏరి పెట్టుకున్నాను కదా.

జూన్ 16, సోమవారం

అందరికంటే ముందు ఆఫీసుకి వెళ్లాను. సైట్లో పేర్లు దాచే టేబుల్లో నూట ఎనభై ఏడు మంది ఉన్నారు. ఫోల్డర్లో ఫైళ్లు యాభై రెండు.

స్కాన్ నాలుగు తెరిచి, మొదటిసారి పైనుంచి చదివాను. పేరు నరేష్, వయసు ఇరవై ఏడు. మావయ్యది కాదు. ఆయన పేరు మీద నొక్కితే వస్తున్నది నరేష్ కాగితం. మొదటి వరుసలోనే ఉంది. గోడల మీద అంటించిన కాగితాలు కూడా వదలకుండా చదివేదాన్ని, ఈ ఒక్క వరుస చదవలేదు.

రోజారమణి మేడమ్‌కి ఫోన్ చేసి, ఊరికే అడుగుతున్నట్టు అడిగాను, ఎలా చూస్తారు మేడమ్ అని. "పేరు సైట్లో పక్కనే ఉంటుంది కదమ్మా. నేను తిన్నగా కిందికెళ్లి ముద్ర చూసుకుంటాను. అంతమందివి చదువుతూ కూర్చుంటానా?" అంది.

స్కాన్ నాలుగు వరుసలు నాలుగు. సోమవారం పోలిరాజు, మంగళవారం గురువులు, గురువారం మణికంఠ, శుక్రవారం నరేష్. బుధవారం నేను చూసిన ఎర్ర ముద్ర మంగళవారం వాడిది. అంటే గురువులుది. గురువులు పేరు మేడమ్ తెరిచింది శుక్రవారం అని టేబుల్లో ఉంది. అప్పటికి అక్కడ పచ్చ ముద్ర ఉంది. ఆమోదం అని పెట్టింది.

దేవీప్రసాద్ గారు అంతా విని కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదండీ."

"చెప్పకు. ముందు పేరు మార్చే లైను రాయి. ఇక మీదట వచ్చేవి కలవవు. పాతవి నెలాఖరులో రిన్యూవల్ అని చెప్పి మళ్లీ అడుగుదాం. మీ మావయ్యది ఈరోజే ఎక్కించెయ్."

క్లినిక్ కట్టలోంచి మావయ్య అసలు కాగితం కుసుమక్క తీయించింది. రెండు కళ్ల చూపూ ఆరు బై ఆరు, ఏ లోపమూ లేదు. పచ్చ ముద్ర. మొదట సరిగ్గా ఎక్కలేదు మేడమ్ అన్నాను. ఆమె సరే అంది. మావయ్య సంతకం పెట్టక్కర్లేదు.

జూన్ 17

అంతా సరిపోయింది.

జూన్ 18, బుధవారం

గురువులు అనే పేరు మా వైపు చాలామందికి ఉంటుంది. పాస్ వచ్చినంత మాత్రాన క్రేన్ ఎక్కుతాడని లేదు. యార్డులో పనేమో. టేబుల్లో పని అనే గడి ఉంది. అది తెరవలేదు.

నిన్న రాసింది కొట్టెయ్యలేదు. సరిపోయింది కాబట్టే.

జూన్ 19, గురువారం

పొద్దున్న టీ తాగుతూ మావయ్య అత్తతో చెబుతున్నాడు. జోడు లేదు. వారం తర్వాత గొంతు మామూలుగా ఉంది.

"నిన్న గురువులు పక్క క్రేన్ మీదున్నాడు. కిందోడు ఆపమని సెయ్యెత్తేడు. ఈడు ఆపనేదు, దించీసేడు. సరుకు వల తిన్నగా మనుసుల మద్దిన పడ్డాది. ఎగ్గెంతీసేరు గాబట్టి సరిపోయింది."

"తాగున్నాడేటి?" అంది అత్త.

"సీ, ఆడు ముట్టడు. ఏటో మరి, సూడనట్టున్నాడు."

గ్లాసు కింద పెట్టాను. చెప్పడానికి మాటలు వెతుక్కున్నాను. ఇన్ని మాటలు పోగుచేసుకున్నాను, ఒక్కటీ రాలేదు. ఉన్నవే చెప్పాను.

"మావయ్యా, ఆ ఎర్ర ముద్ర నీది కాదు. గురువులు గారిది."

"ఆడిది నాకెలా ఒచ్చినాది? ఎవులు మార్సేరు?"

"నేనే."

"నువ్వెందుకు మారుత్తావు?"

"కావాలని మార్చలేదు. ఒకరి కాగితం మీద ఇంకొకరిది పడకుండా చూసుకోవాలి. చూసుకోలేదు. సోమవారమే తెలిసింది. నీది మాత్రం సరిచేసుకుని ఊరుకున్నాను."

"నేదు, నీ తప్పయుండదు. కుసుమే ఏదో..."

"కుసుమక్క తప్పేం లేదు మావయ్యా. నాదే."

మావయ్య టీ గ్లాసు పక్కకి జరిపాడు. నన్ను చూడకుండానే అన్నాడు.

"అంటే నాను గోడట్టుకుని నడిసినాది..."

"నా వల్లే."

లేచాడు. చొక్కా గుండీలు పెట్టుకోకుండానే చెప్పులు వేసుకున్నాడు.

"ముందు ఆణ్ణి దించాలి. పొద్దుటి డ్యూటీ ఆడు. పైనుంటే ఫోనెత్తడు."

ఆయన గేటుకి పరిగెత్తాడు. నేను రోజారమణి మేడమ్‌కి ఫోన్ చేసి అంతా చెప్పాను, మొదటి నుంచి. దేవీప్రసాద్ గారు చెప్పొద్దన్నది తప్ప. అంతా విని ఆమె అంది.

"క్యాంప్‌లో ఇచ్చిన పాసులన్నీ ఆపేస్తున్నాను."

"అందరివీనా మేడమ్? మా మావయ్యది మళ్లీ ఎక్కించాం కదా."

"అందరివీ. ఇప్పుడు నన్ను ఏది నమ్మమంటావు?"

గురువులుని పదకొండింటికి కిందికి దించారు. ఎవరికీ ఏమీ కాలేదు. మావయ్య పాస్ కూడా గేటు దగ్గరే తీసుకున్నారు.

జూన్ 20, శుక్రవారం

దేవీప్రసాద్ గారు అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"నాతో ఒక్కమాట చెప్పి చేసుండాల్సింది."

"చెబితే వద్దనేవారు కదండీ."

ఆయన కిటికీ వైపు తిరిగారు. "అనేవాణ్ణే," అన్నారు. "ఆ నూట ఎనభై ఏడూ నువ్వే మళ్లీ ఎక్కించు. అయ్యాకే ఆఫీసుకి రా."

క్లినిక్ వాళ్లు కట్ట ఇచ్చారు. కుసుమక్క తన కుర్చీ నాకిచ్చి స్టూలు మీద కూర్చుంది. షట్టరు బయట వీధి పొడుగునా మనుషులు. అందరికీ పనిలేదు, నా వల్ల.

"ఒరే, సైటు కట్టిన గుంట ఇదేనేటి?"

"ఇదే. పోలిరాజు బావా, నీ కోడలు మనందరికీ సెలవులిచ్చీసింది."

"ఇచ్చినాది కదా, ఎల్లి పడుకో. ఇక్కడేటి నీ గోల," అన్నాడు మావయ్య.

నాతో ఆయన ఇంకా సరిగ్గా మాట్లాడలేదు. వాళ్లతో మాత్రం అలా అన్నాడు.

ఒక్కో కాగితం మీద పేరు పైకి చదువుతాను. మనిషి నాదే అంటాడు. అప్పుడు స్కాన్. ఫైలుకి ఇప్పుడు సర్వరే పేరు పెడుతుంది, ముప్పై రెండు అంకెలూ అక్షరాలూ. నోరు తిరగదు. ఏ రెండూ ఒకటి కావు. ఈరోజుకి అరవై రెండు.

జూన్ 21, శనివారం

అరవై మూడో కాగితం గురువులుది. పేరు చదివితే యాభై ఏళ్లాయన లోపలికొచ్చాడు. బనీను మీద తువ్వాలు వేసుకున్నాడు. స్టూలు చూసుకోకుండా కాలు తగిలించుకున్నాడు. ఏమంటాడోనని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

"నువ్వేనా పోలిరాజు కోడలివి?"

"అవును బాబాయ్."

"ఆళ్లు ఎగ్గెంతకపోతే ముగ్గురు పోదురు. మొన్నటి నుంచి అదే కళ్లలో మెదులుతున్నాది." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "నాకు తెల్దేటి. రెండేళ్లయి తెల్సు. ఎడం కంటిలో మబ్బు. ఎవులికీ సెప్పనేదు. సైటు పాస్ సేసీసిందంటే, కంప్యూటర్‌కి నా కన్ను బాగున్నట్టు అగుపడ్డాది కామోసు అనుకున్నాను. అమ్మోరికి కొబ్బరికాయ కొట్టేను."

"ఆ కొబ్బరికాయ నాకు కొట్టాల," అన్నాడు మావయ్య గుమ్మంలోంచి. "వారం రోజులు నీ ముద్ర మోసింది నాను."

గురువులు నవ్వబోయి ఆగాడు.

"అయితే ఇప్పుడు ఎర్రదే ఎక్కిత్తావు."

"ఎక్కించాలి బాబాయ్."

"ఎక్కించు. అయిపోనాది."

కాగితం స్కానర్ అద్దం మీద పెట్టబోయి, వెనక్కి తీసుకున్నాను. ముద్ర పైన డాక్టరు గారి చేత్తో ఆరు వరుసలు ఇంగ్లీషులో ఉన్నాయి. ఆ రాత కష్టంగా ఉంది. వేలు పెట్టుకుని చదివాను.

"బాబాయ్, ఇందులో ఏం రాశారో ఎవరైనా చెప్పారా?"

"ముద్ర సెప్పేరు కదా."

"ముద్ర కాదు. పైన." తెలుగులోకి మార్చుకుంటూ మెల్లగా చెప్పాను. ఎడమ కంటికి శుక్లం ముదిరింది. కుడి కంటికి ఇప్పుడే మొదలు. లోపల నరం బాగానే ఉంది. ఆపరేషన్ చేస్తే చూపు తిరిగి వచ్చే అవకాశం బాగా ఉంది. ఆ తర్వాత ఆరు వారాలకి మళ్లీ పరీక్ష. అప్పటివరకు క్రేన్ మీద అన్‌ఫిట్.

"అప్పటివరకు అనున్నాదా?"

"ఉంది బాబాయ్."

"శుక్లమంటే మాయమ్మకి ఒచ్చినాది, అదేనా?"

"అదే అయ్యుంటుంది."

"దానికి తీసీసేరు. సచ్చీదాకా సూదిలో దారం ఎక్కించుకున్నాది." గురువులు కాగితం వైపు చూస్తూ ఉండిపోయాడు. "గుడ్డోణ్ణయిపోతన్నాననుకున్నాను, రెండేళ్లు."

కుసుమక్క స్టూలు ఆయన వైపు జరిపింది. ఆయన కూర్చున్నాడు.

"మళ్లీ సదువమ్మా."

మళ్లీ చదివాను, ఇంకా మెల్లగా. మావయ్య లోపలికొచ్చి ఆయన భుజం దగ్గర నిలబడి విన్నాడు. రెండోసారి అయ్యాక కాగితం స్కాన్ చేశాను, ఎర్ర ముద్రతో సహా. ఆయన ఫోన్ కళ్లకి దగ్గరగా పెట్టుకుని ఆరంకెలు చెప్పాడు. చివరి అంకె తప్పు. మావయ్య చూసి సరిచేశాడు.

అరవై నాలుగో మనిషిని పిలిచాను. పేరు చదివితే నాదే అన్నాడు. ఫోన్ మాత్రం జేబులోంచి తియ్యలేదు.

"నాది కూడా పైనుంచి సదువమ్మా," అన్నాడు.

కాగితం అద్దం మీద నుంచి తీసి చేతిలోకి తీసుకున్నాను.